ఎడారికై ఎత్తు పెరిగిన యూట్

ప్రతి సంవత్సరమును డిసెంబరు 1 మొదలుకొని మార్చి 15 వరకు, మండువేసవి ప్రాణాపాయకరమగుటచే, దక్షిణ ఆస్ట్రేలియా ప్రభుత్వము సింప్సన్ ఎడారిలోని తన సంరక్షిత ప్రాంతమును యాత్రికులకు మూసియుంచును. ఆ గడువు తీరు దినము సమీపించుచుండగా ఎడారి దాటగోరువారు తమ ఫోర్‌వీల్‌డ్రైవ్ యూట్‌లను వర్క్‌షాపులకు తీసికొనిపోయి, కమాన్లు మార్పించి, బండిని రెండంగుళములు పైకెత్తించి, వెనుకటికంటె పెద్ద టైర్లు వేయించుకొందురు. ముందు కారువంటి గదియు, వెనుక సామాను తొట్టియు గల ఈ బండిని మనవారు పికప్ అందురు. ఆ దేశస్థులకు అది యూట్. అది పుట్టి తొంబదియేండ్లు దాటిన ఈ సమయమున, దానిని ఎత్తుచేయు ఈ పని ఎట్లు వచ్చినదో చెప్పుకొనుట సముచితమని నా తలంపు. దీనిని కేవలము పడుచువారి ఆడంబరమని త్రోసివేయువారు పెక్కురు కలరు. నేను వారితో ఏకీభవింపను.

బండి ఎత్తునకును దారి కాఠిన్యమునకును గల సంబంధము చక్రమంత ప్రాచీనమైనది. నల్లరేగడి నేలలలో వానకాలమున తిరుగవలసిన రెండెడ్ల బండికి రొమ్మెత్తు చక్రములు చేసిన మన వడ్రంగి ఏ సూత్రమును అనుభవముచే ఎరిగియుండెనో, నేటి టైరు వ్యాపారమునకును అదియే మూలము: వ్యాసము హెచ్చినకొలది చక్రము బురదలో తక్కువగా దిగును, రాతిని సులువుగా ఎక్కును. కాని ఆస్ట్రేలియా నడిభాగమున యుగయుగములుగా చక్రమే లేదు. వంగకంగురు జాతివారు మికిరీలను ఇరుకైన లోతు బావులను చేతులతో త్రవ్వుకొని, ఆ నీటి ఆధారముననే, కాలినడకను ఇసుకతిన్నెల నడుమ సంసారములు చేసిరి. వ్రాతలకెక్కని ఆ సుదీర్ఘకాలమును దాటినపిమ్మట ఒంటె కనబడును. 1860లో బర్క్, విల్స్‌ల అన్వేషణ యాత్రకును, 1866లో థామస్ ఎల్డర్ వ్యాపారమునకును ఒంటెలు హిందూదేశపు రేవులనుండియే పోయినవి. వానివెంట సింధు, బెలూచిస్థానము, పంజాబు, ఆఫ్ఘనిస్థానములనుండి పోయిన వారినందరిని ఆ దేశము ‘ఆఫ్ఘనులు’ అను ఒక్క పేరనే పిలిచెను. 1908లో డటన్, ఆంగర్ అనువారు టాల్బట్ కారులో అడిలైడు నుండి డార్విన్ చేరిరి. కాని సింప్సన్ తిన్నెలకు మాత్రము కారు చాలలేదు. 1936లో టెడ్ కోల్సన్, పీటర్ ఏయిన్స్ అను ఆదివాసి సహచరునితో కూడి, ఒంటెలతోడనే ఎడారిని దాటెను. 1939లో భూగర్భశాస్త్రజ్ఞుడు సెసిల్ మాడిగన్ కూడ ఒంటెలనే నమ్ముకొనెను.

యూట్ జన్మకథ ఈ ఎడారికి బహుదూరమున, విక్టోరియా రాష్ట్రపు పచ్చికబయళ్ళలో మొదలైనది. ఆదివారము చర్చికి పోవుటకును, సోమవారము పందులను సంతకు చేర్చుటకును ఒక్క బండియే పనికివచ్చునట్లు చేసియిండని గిప్స్‌లాండు ప్రాంతపు రైతు ఇల్లాలొకతె 1932లో ఫోర్డు సంస్థకు జాబు వ్రాసెనని చెప్పుదురు. గీలాంగ్ కర్మాగారమున రూపకల్పన చేయుచుండిన లూయిస్ బాండ్ట్ అను యువకుడు, కారు గదిని వెనుక తొట్టితో ఏకశరీరముగా కలిపి గీసిన బొమ్మ 1934లో బండియై వెలువడెను. దానిని చూచి హెన్రీ ఫోర్డు ‘కంగారూలను తరుము బండి’ అనెనని ప్రతీతి. ఆ బాండ్టే 1987లో, తాను స్వయముగా పునరుద్ధరించుకొన్న పాత యూట్‌ను నడుపుకొని పోవుచు ప్రమాదమున మరణించుట విషాదకరము. ఒక్క బండి రెండు లోకములకు చెల్లవలెనన్న ఆ ఇల్లాలి కోరికయే, బండిని ఎత్తుచేయు నేటి లిఫ్ట్ కిట్‌కు కూడ మూలమని నా విశ్వాసము. చర్చికి బదులు పట్టణపు ఆఫీసును, సంతకు బదులు ఎడారిని చెప్పుకొన్నచో చాలును.

రెండవ ప్రపంచయుద్ధము జీపును తెచ్చెను. 1948లో ఆంస్టర్‌డాం ప్రదర్శనయందు లాండ్ రోవర్ వెలసెను. 1949లో మొదలై 1974 దాక సాగిన స్నోయీ పర్వతముల జలవిద్యుత్ నిర్మాణమునకు 1950ల చివర గుత్తేదారు లెస్లీ థీస్ జపానునుండి లాండ్ క్రూయిజర్లు తెప్పించెను. ఇవన్నియు మహాకార్యములే యైనను, నా మనస్సు ఆగునది 1962వ సంవత్సరమున, ఒక కుటుంబము చేసిన యాత్రయొద్ద.

రెజినాల్డ్ స్ప్రిగ్ 1919లో జన్మించిన భూగర్భశాస్త్రజ్ఞుడు. దక్షిణధ్రువ యాత్రికుడగు డగ్లస్ మాసన్‌కు అడిలైడు విశ్వవిద్యాలయమున శిష్యుడు. 1946లో, ఇరువదియేడేండ్ల ప్రాయమున, ఫ్లిండర్స్ పర్వతశ్రేణి చెంత ఈడియాకరా కొండలలో రాతిపలకలపై అస్థిరహితములైన మృదుజీవుల ముద్రలను ఆయన కనుగొనగా, పండితలోకము వానిని చాలకాలము లక్ష్యపెట్టలేదు. తుదకు 2004లో భూచరిత్రయందొక యుగమునకే ఈడియాకరన్ అను పేరు స్థిరపడినప్పటికి ఆయన గతించి దాదాపు పదియేండ్లయ్యెను. ఎవరును చూడని దానిని చూచుటయు, ఎవరును పోనిచోటికి పోవుటయు స్వభావముగా గల అట్టివాడు, 1962లో భార్య గ్రిసెల్డాను, పసితనము వీడని ఇద్దరు పిల్లలను ఒక నిస్సాన్ పేట్రోల్ బండిలో కూర్చుండబెట్టుకొని, మోటారు బండి ఏదియు అదివరకు దాటియుండని సింప్సన్ ఎడారిని దాటుటకు బయలుదేరెను.

ఆ సాహసము యొక్క పరిమాణము తెలియవలెనన్న ఆ నేల స్వభావము తెలియవలెను. లక్షా డెబ్బదివేల చదరపు కిలోమీటర్లకు మించిన ఆ ఎడారిలో వేయికి పైగా ఎఱ్ఱని తిన్నెలు, వాయవ్యమునుండి ఆగ్నేయమునకు, ఒకదాని ప్రక్కన ఒకటిగా సమాంతరముగా సాగియున్నవి. కొన్ని రెండువందల కిలోమీటర్ల వరకు తెగకుండ పోవును. తూర్పునకు పోవువాడు వానిని అడ్డముగా, ఒక్కటొక్కటిగా, ఎక్కి దిగవలసినదే. పడమటి వాలు మెల్లనిది, తూర్పు వాలు నిట్టనిలువైనది, శిఖరమున ఇసుక మెత్తనైనది. రెండు తిన్నెల నడుమ బంకమన్ను పఱ్ఱలును, ముండ్లవంటి స్పినిఫెక్స్ గడ్డి గుబురులును ఉండును. ఎడారికి తూర్పు అంచుననున్న బర్డ్స్‌విల్ గ్రామమునకు ముప్పదియైదు కిలోమీటర్ల ఇవతల, నప్పనెరికా అను కట్టకడపటి మహాసైకతము దాదాపు నలువది మీటర్ల ఎత్తున నిలిచియుండును. నేటివారు దానిని బిగ్ రెడ్ అందురు. ఫ్రెంచి పెట్రోలియం సంస్థ బుల్‌డోజర్లతో తీసిన తిన్నని బాట 1963–64 నాటిది గనుక, స్ప్రిగ్ కుటుంబము పోవునాటికి ఆ దారి కూడ లేదు.

ఆ పేట్రోల్ యూట్ కాదు, ఆ కాలపు జి60 తరగతి బండి. ముందును వెనుకను కమాన్లే, ఇరుసులు రెండును గట్టి కడ్డీలే, ఇంజను నాలుగు లీటర్ల ఆరు సిలిండర్లది. అట్టి బండితో తిన్నె నెక్కుట కేవలము శక్తిచే కాదు. టైర్లలో గాలి తగ్గించినప్పుడు నేలను తాకు రబ్బరు అడుగుభాగము పొడవుగా సాగి, బరువు ఎక్కువ చోట పరచుకొని, ఇసుక తెగక ఆనును. గాలి నిండుగా నున్నచో చక్రము తన గోతిని తానే త్రవ్వుకొనును. ఎక్కుచోట తప్పినవాడు వెనుకకు వచ్చి, నెమ్మదిగా ఊపు తీసికొని, శిఖరమున వేగము తగ్గించి, ఆవలి వాలును చూచిన తర్వాతనే దిగవలెను. ఇంతటి శ్రమను ఆ దంపతులు పిల్లలతో కూడ ఓర్చుకొని బర్డ్స్‌విల్ చేరిరి. ఆ గృహిణి తన జీవిత సాహసములను తరువాత గ్రంథముగా వెలువరించెను. సైన్యము, ప్రభుత్వము చేయని పనిని ఒక సంసారము చేసెనన్న భావము నన్ను ఎన్నిమారులు తలచినను పులకింపజేయుచున్నది. స్ప్రిగ్ 1968లో ఆర్కరూలా అను పర్వతభూమిని కొని, కొండశిఖరములపై ఫోర్‌వీల్‌డ్రైవ్ యాత్రలు నడిపించెను.

ఆ తరువాతి చరిత్ర వేగవంతమైనది. ఎడారి బాటలు తెఱచుకొనగనే విహారయాత్రికులు వచ్చిరి. 1975లో ఆంటొనీ రోనాల్డ్ బ్రౌన్ మెల్బోర్న్‌లో తన పేరిటి తొలియక్షరములతోనే ఎఆర్‌బి అను ఉపకరణముల సంస్థను స్థాపించెను. 1979లో హైలక్స్ యూట్‌కు ఫోర్‌వీల్‌డ్రైవ్ వచ్చెను. 1984లో లాండ్ క్రూయిజర్ 70 వరుస వచ్చెను. ఆ కాలపు పొలముల లాండ్ క్రూయిజర్ 7.50–16 కొలతగల, ఎత్తైన ఇరుకు టైర్లతో కర్మాగారమునుండియే వచ్చుచుండెను గనుక దానిని ఎత్తవలసిన అగత్యము తక్కువ. సుఖప్రయాణమునకై టైర్లు వెడల్పగుచు, సస్పెన్షను మెత్తనగుచు వచ్చినకొలది ఎత్తు చేయుట కూడ అవసరమయ్యెను.

ఇక్కడ ఒక భ్రాంతిని తొలగింపవలెను. కమాన్లు మార్చి బండిని రెండంగుళములు ఎత్తినంతమాత్రమున గట్టి ఇరుసు గల బండిలో దాని నడుమనుండు డిఫరెన్షియల్ గుండు నేలనుండి ఒక్క వెంట్రుకవాసియు లేవదు; లేచునది చాసీయును, దానిపైనున్న శరీరమును మాత్రమే. అందువలన తిన్నె శిఖరమున పొట్ట తగులుట, దిగునపుడు ముందు బంపరు గ్రుచ్చుకొనుట తగ్గును. డిఫరెన్షియల్‌ను లేపునది టైరు ఒక్కటే, అదియును వ్యాసము పెరిగినదానిలో సగముచేతనే: పదునేడంగుళముల రిమ్ముపై 265/65 టైరు వ్యాసము సుమారు 776 మిల్లీమీటర్లు, 285/70 టైరు వ్యాసము సుమారు 831, ఈ యేబదియైదు పెరిగినను ఇరుసు లేచునది ఇరువదియేడే. అయినను ఆ ఇరువదియేడే ఎడారిలో అత్యంత విలువైనది. కమాన్ల లిఫ్ట్ చేయునది ముఖ్యముగా ఆ టైరుకు తావిచ్చుట.

అయితే ఎత్తిన బండి తన లెక్కలన్నిటిని మార్చుకొనును. టైరు ఏడు శాతము పెరుగుటచే, స్పీడోమీటరు నూరు చూపునపుడు బండి నిజముగా నూటయేడు పోవుచుండవచ్చును. గేర్లు బరువగును, బ్రేకుకు శ్రమ హెచ్చును, గరిమనాభి పైకి పోవుటచే మలుపులలో ఒరుగుట పెరుగును. 1999 తర్వాతి లాండ్ క్రూయిజర్ యూట్‌లలో ముందు కాయిల్ స్ప్రింగులు గలవు గనుక, ఎత్తగనే, స్టీరింగు ఇరుసు వెనుకకు వాలియుండు క్యాస్టర్ కోణము తగ్గి స్టీరింగు దారిపై నిలువక తేలిపోవును. దానిని సరిదిద్దు బుష్‌లు వేయవలెను. ముందు చక్రములకు స్వతంత్ర సస్పెన్షను గల బండ్లలో, చక్రములకు శక్తినందించు సి.వి. జాయింట్లు ఏటవాలుగా పని చేయవలసివచ్చి త్వరగా అరుగును. పని నేర్చిన మెకానిక్కు పాత యు-బోల్టులను తిరిగి వాడడు. బుష్‌ల బోల్టులను బండి నేలపై తన బరువుతో నిలిచిన తర్వాతనే కడపటి బిగింపు బిగించును. బ్రేకు గొట్టముల పొడవు చూచును, హెడ్‌లైట్ల వెలుగు దించును, అలైన్‌మెంటు సరిచేయించును, కొంతదూరము తిరిగిన పిమ్మట బోల్టులు మరల బిగించుటకు రమ్మనును.

చట్టమునకు వచ్చుసరికి కథ చీలిపోవుచున్నది. పెక్కు రాష్ట్రములలో స్ప్రింగులచే 50, టైరుచే 25, మొత్తము 75 మిల్లీమీటర్ల ఎత్తు ఇంజనీరు యోగ్యతాపత్రము లేకయే సాగును. టైరు వ్యాసము కర్మాగారము చెప్పిన పెద్ద కొలతకంటె 50 మిల్లీమీటర్లకు మించరాదు. అనగా ఇందాక చెప్పిన 831 మిల్లీమీటర్ల టైరు, 776 మాత్రమే అనుమతించిన బండికి కొంచెము హద్దు మీరును. రాష్ట్రము మారినచో నిబంధన మారవచ్చుననుట అక్కడి యజమానులకు నిజమైన కష్టము. ఒకే ఎడారి మూడు పరిపాలనాప్రాంతముల కలయికయందున్నది గదా. మన దేశమున మోటారు వాహనముల చట్టపు 52వ విభాగము తయారీదారుని కొలతలనుండి మార్పులకు గట్టి హద్దు విధించుటచే ఈ పని మనకు చాల దూరముగనే యున్నది.

ఆస్ట్రేలియాలో తయారగు ఫోర్డు యూట్ 2016 జూలైలో ఆగిపోయెను. దాని స్థానమున నిలిచిన రేంజర్ రూపకల్పన ఆస్ట్రేలియాలో, తయారీ థాయ్‌లాండులో. 2018 నుండి రేంజర్ రాప్టర్ 285/70 కొలతగల టైర్లతో, ఎత్తైన సస్పెన్షనుతో, కర్మాగారమునుండియే వచ్చుచున్నది. ముందు తరమువారు వర్క్‌షాపులో చేయించుకొన్నది నేడు దుకాణములో దొరకుట నాకు సంతోషకరమే. అయినను ఎడారిలోనికి పోవు ప్రతి బండికిని నేలనుండి మూడున్నర మీటర్ల ఎత్తున ఎగురు జెండా తప్పనిసరి. తిన్నెకు ఆవలివైపు వచ్చువారికి మొదట కనబడునది ఆ జెండాయే. టైర్లలో గాలి పదునెనిమిది పౌండ్లకో, అంతకు తక్కువకో దింపుకొనక శక్తితో ఎక్కువారు తిన్నెల ముఖములను గోతులుగా చెఱచుచున్నారు; వెనుక వచ్చు సంసారములకు ఆ గోతులే ఆటంకము. కనుక ఈ మార్చిలో క్రొత్త స్ప్రింగులతో బయలుదేరువారు బోల్టులు ఒకసారి తనిఖీ చేయించి, గాలి కొలుచు గేజిని, తిరిగి నింపుకొనుటకు చిన్న కంప్రెసరును తప్పక వెంట తీసికొనిపోవుదురు గాక. బర్డ్స్‌విల్ చేరువరకు గాలి నింపువారెవ్వరును దొరకరు.