గాయపడిన శిల: అమరావతి చెప్పే పాఠం

నేతపనికై వచ్చి సూరత్‌లో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల ఇళ్లలోనూ నేడు పాలరాతి నేలలు కనిపిస్తున్నాయి. పలక పగిలితే పనివాడు ఆ పగులులో రంగు కలిపిన రెజిన్ నింపి, సానపట్టి, మచ్చ తెలియకుండా మెరుగు పెడతాడు. ఇంటి నేలకు అది చాలు. ధర్మచరిత్రను మోస్తున్న ప్రాచీన శిలకు ఇదే వైద్యం తగునా? దీనికి సమాధానం అమరావతి మహాచైత్య చరిత్రలో ఉన్నది.

ఆంగ్లేయులు అమరావతి శిల్పాలను పాలరాళ్లుగా వ్యవహరించారు. నిజానికి అవి పల్నాటి సున్నపురాళ్లు. రెండింటిలోనూ ప్రధాన ద్రవ్యం కాల్షియం కార్బొనేటే. కనుక ఆమ్లం సోకితే రెండూ కరుగుతాయి. బట్టీలో కాలిస్తే రెండూ సున్నమవుతాయి. ఈ గుణమే స్తూపానికి శాపమైంది. పద్దెనిమిదవ శతాబ్దం చివరి నుండి ఎన్నో ఫలకాలు కొత్త కట్టడాలకు తరలిపోయాయి. కొన్ని సున్నపుబట్టీల పాలయ్యాయి. 1816లో కాలిన్ మెకంజీ వాటి చిత్రాలను గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన ఫలకాలు మద్రాసుకు, అక్కడి నుండి అనేకం లండనుకు చేరాయి.

రెండవ గాయం రక్షణ పేరిటనే తగిలింది. 1880లలో మద్రాసు మ్యూజియం అధికారి జార్జి బిడీ ఫలకాలను సిమెంటుతో గోడలలో బిగింపజేశాడు. పురాతత్త్వవేత్త జేమ్స్ బర్జెస్ దానిని వ్యతిరేకించాడు. సిమెంటులోని లవణాలు తేమతో పాటు రాతి సూక్ష్మరంధ్రాలలోకి చేరతాయి. ఆరినప్పుడు స్ఫటికాలై ఉబ్బి, చెక్కడపు పైపొరను పొట్టుగా రాలుస్తాయి.

నేటి సంరక్షకుల పద్ధతి వేరు. శుద్ధజలంలో తడిపిన కాగితపు గుజ్జును రాతిపై పట్టువేసి, అది ఆరేకొద్దీ లవణాలను బయటికి లాగుతారు. అతుకు అవసరమైతే, మూలశిలకు హాని లేకుండా మళ్లీ తీయగల పదార్థాన్నే వాడతారు. పూరించిన భాగం మొత్తంలో ఇమిడిపోవాలి. అయినా అసలు శిల నుండి వేరుగా గుర్తింపబడాలి. ఇది 1964 నాటి వెనిస్ ఒడంబడికలోని సూత్రం. మచ్చ దాచడం ఇంటిపనిలో నేర్పు. చరిత్రలో అది అసత్యం.

మన ఊళ్ల చేలగట్లపై దొరికే బుద్ధవిగ్రహాలకు భక్తితో రంగు పూయడం, ఆమ్లంతో కడగడం, సిమెంటుతో ముక్కు అతకడం తగదు. విగ్రహాన్ని కదల్చక, ఫొటో తీసి, పురావస్తుశాఖకు తెలియజేయడమే నిజమైన సేవ. సంస్కారాలన్నీ అనిత్యాలన్న తథాగతుడే అప్రమాదాన్నీ బోధించాడు. అనిత్యతను అలక్ష్యానికి సాకు చేసుకోరాదు; శ్రద్ధను తొందరపాటుగా మార్చుకోరాదు.