విజయనగరపు గానపాఠశాల

1919లో విజయనగర సంస్థానాధీశులు విజయరామ గజపతిరాజుగారు సంగీతమునకొక పాఠశాల పెట్టించారు. అంతకు ముందు ఆ ఊళ్ళో సంగీతము లేక కాదు. ఆస్థానములో విద్వాంసులకు కొదువలేదు. బొబ్బిలికి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనసమానుతో వీణ చెక్కే పనివారు తరతరాలుగా ఉన్నారు. లేనిదల్లా ఒక వాకిలి. పాట నేర్వవచ్చిన పిల్లవాడు ఎవరి బిడ్డ, ఎవరి సిఫారసు తెచ్చాడు అని ఆరా తీయకుండా లోపలికి రానిచ్చే వాకిలి.

ఆ వాకిలి ఎవరికొరకు తెరిచారో అక్కడివారు నేటికీ చెప్పుకొంటారు. రాజుగారి కొలువులోని ఉద్యోగి ఒకరికి చూపులేని కుమారుడు ఉండేవాడట. అటువంటి బిడ్డకు ఆనాటి అక్షరాలబడిలో చోటులేదు. కాని పిల్లవానికి చెవి ఉన్నది, గొంతు ఉన్నది, సంగీతమంటే ప్రాణము. వానికి పాట చెప్పించవలెనన్న తలపే పెరిగి పాఠశాల అయింది. రాజుగారు ఒక విద్వాంసుని ఆ ఇంటికి పంపి ఊరుకొన్నా ఎవరూ తప్పుపట్టరు. ఒక బిడ్డకు కావలసినది మరి పదిమంది బిడ్డలకూ కావలసియుండునని తోచటమే ఆయన పెద్దరికము.

గురుకులవాసమంటే మనలో పెద్దవారికి ఇంకా తీపి తలపే. శిష్యుడు తెల్లవారుజామున లేచి నీళ్ళు తోడి, గురువుగారి పంచెలు ఉతికి, ఆయన కచేరీకి వెళితే వెంట తంబుర మోసి, వెనుక కూర్చుండి శ్రుతి వేసి, ఆయనకు మనసు పుట్టినపుడు నాలుగు సంగతులు విని పట్టుకోవాలి. అట్లా పదేండ్లు గడిపినవానికి వచ్చిన విద్య ఎముకలోనికి దిగిన విద్య. కాదనము. పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యరికములో మంగళంపల్లి బాలమురళీకృష్ణగారికి అబ్బినది అటువంటిదే. (తమాషా ఏమంటే, తరువాతి కాలములో విజయవాడ సంగీత కళాశాలకు మొదటి ప్రిన్సిపాలు అయినదీ వారే.) అయితే గురువుగారి గడప అందరికీ ఒకే ఎత్తున ఉండేది కాదు. కులము ఒక అడ్డు. ఆడపిల్ల అన్నమాట మరొక అడ్డు. దూరము, పేదరికము సరేసరి. అన్నిటికన్న పెద్దది, గురువుగారు చెప్పకపోతే ఎందుకు చెప్పలేదని అడిగే దారి శిష్యునికి లేకపోవటము.

పాఠశాలకు మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసుగారు. 1864లో పుట్టి 1945లో కాలము చేసిన ఈ హరికథా పితామహునిగూర్చి తెలుగువారికి కొత్తగా చెప్పవలసినది లేదు. ఉమరు ఖయ్యాము రుబాయీలను సంస్కృతములోను, అచ్చతెలుగులోను చెప్పిన పండితుడు. కాళ్ళకు గజ్జెకట్టి, చేత చిడతలు పట్టి రాత్రి తెల్లవార్లు సభను నిలబెట్టిన మనిషి. అటువంటాయన పేరు పిలిచి హాజరుపట్టీ ఎట్లా వేసేవారో తలచుకొంటే మాకు నవ్వు వస్తుంది. ఐనా పదిహేడేండ్లు ఆ పదవిలో ఉన్నారు.

ఆ 1919లోనే ఇరవైయారేండ్ల యువకుడొకరు ఫిడేలు పట్టుకొని విద్యార్థిగా చేరుదామని వచ్చారు. చూపు మందము. అన్నగారివద్ద నేర్చుకొన్న విద్య. వాయించమన్నారు, వాయించారు. విన్న నారాయణదాసుగారు, నీవు నేర్చుకొనవలసినవాడవు కావని ఉపాధ్యాయునిగానే వేయించారు. దరఖాస్తు ఒకటి, ఉత్తర్వు మరొకటి! ఆయనే ద్వారం వెంకటస్వామినాయుడుగారు. 1893లో ఆయన పుట్టినది బెంగుళూరులోనని కన్నడసీమలోని మన సోదరులు గుర్తుంచుకోవాలి. పక్కవాద్యముగా ఉన్న ఫిడేలును కచేరీలో ఒంటిగా నిలబెట్టినవారిలో ఆయన ముందువరుసవారు. 1936లో దాసుగారి తరువాత ప్రిన్సిపాలు అయినారు. 1941లో మద్రాసు సంగీత విద్వత్సభవారి సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ. 1964లో పరమపదించారు. చూపులేని పిల్లవానికై పెట్టిన పాఠశాలను చూపు చాలని ఒక మహావిద్వాంసుడు నడిపించుట దైవఘటన అనుకోవచ్చు.

1936 అనగానే బరంపురములో ఉన్న మనకు మరొకటి జ్ఞాపకము వస్తుంది. ఆ ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడి మన ఊరు అటు చేరింది. ముందురోజు వరకు మనమూ విజయనగరమూ మద్రాసు రాజధానిలోనివారమే. మరునాడు కూడ అదే రైలు, అదే పట్టాలు. నడుమ ఒక సరిహద్దు మాత్రము వచ్చింది. బడిలో మన పిల్లల భాష మెల్లగా మారింది. పాటకు మాత్రము సరిహద్దు పడలేదు.

ఆ పాఠశాల వాకిట నిలిచినవారిలో ఘంటసాల వెంకటేశ్వరరావుగారి కథ తెలియని తెలుగు ఇల్లుండదు. 1922లో గుడివాడ ప్రాంతపు చౌటపల్లిలో పుట్టారు. చిన్ననాడే తండ్రి పోయారు. వేలి ఉంగరము అమ్ముకొని విజయనగరము చేరితే, కళాశాలకు సెలవులు! ద్వారంవారు దయదలచి ఆవరణలో తలదాచుకోనిచ్చారు. తోటివారు వేసిన ఒక నిందవల్ల ఆ నీడ కూడ పోయింది. అప్పుడు చేరదీసినవారు పట్రాయని సీతారామశాస్త్రిగారు. పేద గురువు. విద్య ఇవ్వగలరు, అన్నము పెట్టలేరు. జోలె పట్టి మధుకరము ఎత్తుకొని తినుమన్నారు. ఇంటింటా కలిపిన ఆ అన్నముతోనే ఘంటసాల సంగీతము నేర్చారు. పాఠము చెప్పినది సంగీతము పంతుళ్ళే అయినా, ఆ పిల్లవానిని చదివించినది విజయనగరపు ఇల్లాండ్రు. కళాశాలల చరిత్ర వ్రాసేవారు రాజుగారి దానము లెక్క వ్రాస్తారు, ఈ ముద్దల లెక్క ఎవరూ వ్రాయరు.

పులపాక సుశీలగారి కథ వేరు. 1935లో ఆ ఊళ్ళోనే, ప్లీడరుగారింట పుట్టారు. అన్నవస్త్రములకు లోటు లేదు. కాని మర్యాదస్థుల ఇంటి ఆడపిల్ల సంగీతము డిప్లొమాకు చదువుట ఆనాడు చిన్న సాహసము కాదు. మునుపు పాటను వృత్తిగా పెట్టుకొన్న కుటుంబములను లోకము ఎట్లా చూసినదో పెద్దలకు తెలుసు. కళాశాల అన్న పేరు ఆ మాటలకు ఒక అడ్డుగోడ అయింది: పిల్ల పాట నేర్చుకొంటున్నదనక, చదువుకొంటున్నదన్నారు. ఆ చదువు చదివి మద్రాసు చేరిన సుశీలగారు 1968 నాటి తమిళ చిత్రము ‘ఉయర్ంద మనిదన్’లోని పాటకు ఉత్తమ గాయని జాతీయ బహుమతి అందుకొన్నారు. గాయనీమణులకు ఆ బహుమతి ఇచ్చుట అదే మొదలు. పరాయి భాషలో పాడి స్వంతమనిపించుకొనుట ప్రవాసులకు తెలిసిన విద్యే గదా!

అంతమాత్రాన కళాశాలలో అంతా బాగేనని మేము అనము. నాలుగేండ్ల సర్టిఫికెట్టు, ఆపైన రెండేండ్ల డిప్లొమా, ఏటేటా పరీక్ష. తోడిరాగము అప్పుడే రంగు తేలుతుండగా గంట కొట్టితే ఏమి చేయాలి? రాగము గడియారము చూసి రాదు. పరీక్షకు ఇన్ని వర్ణములు, ఇన్ని కృతులు అని లెక్క పెట్టుకొని, ఆ లెక్క తీరగానే తంబురకు గవిసెన తొడిగినవారిని మేమెరుగుదుము. ఐనా పాఠ్యక్రమము అచ్చువేసిన నాటినుండి గురువు దాచుకొనేందుకు ఏమీ మిగలలేదు. సరళీ స్వరములనుండి జంటవరుసలకు, అలంకారములకు, గీతములకు, వర్ణములకు, కృతులకు దారి ఇదీ అని పిల్లవానికి మొదటిరోజే తెలుస్తుంది. మేమైతే ఈ లాభమునకే మొగ్గుతాము.

విజయనగరము దారి చూపిన పదేండ్లకు దక్షిణాన వరుసగా చదువులు లేచాయి. 1929లో చిదంబరములో సంగీత కళాశాల, 1931లో మద్రాసు విద్వత్సభవారి ఉపాధ్యాయ శిక్షణ కళాశాల, 1932లో మద్రాసు విశ్వవిద్యాలయములో సంగీతశాఖ. అక్కడి పిల్లలు నేర్చిన కృతులలో ఎక్కువభాగము తెలుగు. అరవదేశములో పుట్టి పెరిగిన త్యాగరాజస్వామి తెలుగులో పాడారు గనుక అది సహజమే. మా భాషలో మాకు పాట వద్దా అని తమిళులు అడిగారు; 1943లో తమిళ ఇశై సంగము పెట్టుకొన్నారు. 1964లో భువనేశ్వరములో ఉత్కళ సంగీత మహావిద్యాలయము వచ్చి ఒడిస్సీ గానమునకు పీట వేసింది. వీటిని చూసి కినుక పడవలసిన పని మనకు లేదు. ఎవరి పాటకు వారు ఇల్లు కట్టుకొన్నారు. మనము కట్టినది మనము చూసుకొంటున్నామా అన్నదే ప్రశ్న.

1904లో సుబ్బరామ దీక్షితులవారు ఎట్టయపురములో సంగీత సంప్రదాయ ప్రదర్శిని అచ్చువేయించారు. ఎట్టయపురము తమిళనాట దక్షిణపు కొస. గ్రంథము అచ్చయినది తెలుగు లిపిలో! సంగీతము తెలిసినవానికి తెలుగు అక్షరములు వచ్చియుంటాయన్నది ఆనాటి నమ్మకము. 1961 మొదలు మద్రాసు విద్వత్సభవారు దానిని తమిళ లిపిలో సంపుటములుగా తేవలసి వచ్చింది, మూలము చదువగల విద్యార్థులు అక్కడ తరిగారు గనుక.

ఆ మూలము మన పిల్లలలో ఎందరు చదువగలరు? మన ఇండ్లలో సంగీతము నేర్చే పిల్లలున్నారు. శ్రుతి తప్పరు, తాళము తప్పరు. కాని పుస్తకము తల్లి చదువుతుంటే పిల్ల ఒడియా అక్షరాలలో వ్రాసుకొంటున్నది. ‘ళ’కు ‘ల’ పడి, దీర్ఘము జారి, పల్లవిలోనే ఒక మాట మరొక మాటయి కూర్చుంటున్నది. పిల్లకు తెలియదు, వినే పక్కింటివారికి తెలియదు; అమ్మకు తెలిసినా పాట నడుమ ఆపలేదు.

అందుచేత ఈ ఏడు మన సంఘములో ఆదివారము ఉదయము రెండు గంటల పాఠము మొదలుపెట్టుచున్నాము. మొదటి గంట అక్షరములు, రెండవ గంట గీతములు. పలక బలపము పిల్లలు తెచ్చుకోవాలి. తంబుర సంఘమువారిది.