ఎక్కినవాళ్ళ చరిత్ర

మల్లి మస్తాన్ బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలనూ ఎక్కాడు. 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో ప్రాణం విడిచాడు. నెల్లూరు జిల్లాలోని స్వగ్రామంలో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. అది న్యాయమే.

అయితే ఎక్కడమే బతుకుగా గలవాళ్ళు మా వైపూ ఉన్నారు. ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాల్లోనూ, కొల్లేటి చుట్టుపట్లా మోకునే నమ్ముకుని తాడెక్కిన గీత కార్మికులు వాళ్ళు. మా ఊళ్ళో వాళ్ళందరిలో మేటి అనిపించుకున్నవాడు నా చిన్నతనంలో చెట్టుమీంచి పడి చనిపోయాడు. తాగేవాడు, అప్పులు చేశాడు, భార్యను కొట్టేవాడు. తోటివాళ్ళు అతని ఒడుపు గురించి చెప్పేటప్పుడు ఇవేవీ దాచరు. భార్య తన గోడు చెప్పుకుంటే ఎవరూ అడ్డురారు.

మరి మన సంస్మరణ వ్యాసాల మాటేమిటి? పోయిన రచయిత తప్పులన్నీ కడిగేస్తాం. లేదా తప్పులే పట్టుకుని రచనను పాతరేస్తాం. ఈ రెండు పద్ధతుల్లోనూ చరిత్ర లేదు. అతని చేతిలో నలిగినవాళ్ళ మాటకు చోటు అసలే లేదు.

ఆ గీత కార్మికుడి పేరు ఏ పుస్తకానికీ ఎక్కలేదు. అతని గురించి మనం రాయాలి. అతని తోటివాళ్ళు తలుచుకునే తీరులోనే మన పెద్దల గురించీ రాయాలి.