డయల్-అప్ మోడెమ్ సమస్యలు - పరిష్కారాలు

డయల్-అప్ మోడెమ్ అనునది కంప్యూటరును సాధారణ టెలిఫోను లైను ద్వారా అంతర్జాలానికి కలిపే పరికరం. భారతదేశంలో వి.ఎస్.ఎన్.ఎల్. 1995 ఆగష్టు 15న ప్రజలకు అంతర్జాల సేవను ప్రారంభించినది. అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలోని ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాలలో 2000 తరువాత బి.ఎస్.ఎన్.ఎల్. వారి సంచార్‌నెట్ ఖాతాలు వాడుకలో ఉండేవి. 2005లో ఆ సంస్థ బ్రాడ్‌బ్యాండు ప్రారంభించిన పిదప డయల్-అప్ వాడుక క్రమంగా తగ్గినది.

మోడెమ్ చెడిపోయినదని భావించి మార్చుటకు ముందు లైనును పరీక్షించవలెను.

లైను పరీక్ష

మోడెమ్ నుండి తీగను తీసి ఫోనుకు తగిలించి వినవలెను. డయల్ టోను లేనిచో లోపం లైనులోనిదే. గరగరమనే శబ్దం ఉన్నచో తీగల జాయింట్లలో తేమ చేరి ఉండవచ్చును. కొల్లేరు పరిసరాల వంటి పల్లపు ప్రాంతాలలో వర్షాకాలమున దీనిని ముందుగా అనుమానించవలెను. మాటలకు అడ్డురాని కొద్దిపాటి శబ్దం కూడా మోడెమ్ వేగాన్ని తగ్గించును, లేదా కనెక్షనును తెంచును.

విండోస్ చూపే సంఖ్యలు

* 680: డయల్ టోను లేదు. తీగ "లైన్" సాకెట్టులో ఉన్నదా, ప్యారలల్ ఫోను ఎత్తి ఉన్నదా అని చూడవలెను.
* 676: అవతలి లైను ఖాళీ లేదు. కొంతసేపు ఆగి ప్రయత్నించవలెను.
* 678: అవతలి నుండి జవాబు లేదు. డయల్ చేసిన నంబరును సరిచూడవలెను.
* 691: వాడుకరి పేరు లేదా సంకేతపదం సరికాదు. లైను, మోడెమ్ రెండూ పనిచేస్తున్నట్లే.

వేగం

56 కిలోబిట్ల మోడెమ్ గరిష్ఠంగా సెకనుకు 7 కిలోబైట్లను మాత్రమే తేగలదు. కావున పేజీలు నెమ్మదిగా తెరచుకొనుట లోపం కాదు.

జాగ్రత్త

ఉరుములు మొదలగుటకు ముందే విద్యుత్తు ప్లగ్గుతో పాటు ఫోను తీగను కూడా తీసివేయవలెను. పిడుగుపాటు ప్రభావం ఫోను తీగ ద్వారా వచ్చి మోడెమ్‌ను, మదర్‌బోర్డును కాల్చివేయగలదు.

ఇవి కూడా చూడండి

* టెలిఫోను
* అంతర్జాలం