ఇరుగుపొరుగుల కట్టుబాటు

కోనసీమ పల్లపు నేల. ఒకరి యింటిముందు మురుగుబోదె పూడినచో నీరు పదిమంది వాకిళ్లలో నిలుచును. ఇట్టిచోట ఇరుగుపొరుగుల కట్టుబాటు వట్టి మర్యాద కాదు, బ్రతుకునకు ఆధారము.

1847 మొదలు 1852 వఱకు ధవళేశ్వరమున ఆనకట్ట కట్టబడెను. పిమ్మట గన్నవరపు అక్విడక్టు మీదుగా కాలువనీరు వైనతేయమును దాటి రాజోలు సీమను చేరెను. ఊరివారు కూడి బోదెలను, గట్లను బాగుచేసికొను పూర్వాచారమునకు చెన్నపురి రాజధానికై చేసిన 1858వ సంవత్సరపు 1వ చట్టము బలము నిచ్చెను. ఆచారము ననుసరించి ఉమ్మడి పనికి రావలసినవాడు రానిచో, ఆ కూలికి రెట్టింపు సొమ్ము చెల్లింపవలయును. ఇది న్యాయమే. కాని గట్టు తెగునప్పుడు నిర్బంధముగా పిలువదగినవారు కూలివర్గముల మగవారని ఆ చట్టమే చెప్పెను. వరద కూలివాని గుడిసెనే వెదకుకొని వచ్చునా?

1997లో ఆంధ్రప్రదేశ్ శాసనము నీటివినియోగదారుల సంఘముల నేర్పఱచెను. అందు ఓటు సాగుభూమి గలవారిది. ఆ కాలువలోనే బిందె ముంచు ఇల్లాలికి తన పేర భూమి లేనిచో ఓటు లేదు.

నేడు వీధివీధిని గృహస్థుల సంఘములు వెలయుచున్నవి. నియమావళి వ్రాయుచో మనము ఈ చరిత్రను మఱువరాదు. చందా చెల్లించుట, బోదె పూడ్పకుండుట, చెత్త పొరుగువాకిట వేయకుండుట ప్రతి యింటి విధి. జమాఖర్చు సభలో చదువుట పెద్దల విధి. అద్దెకున్నవారికిని, స్త్రీలకును, వీధి నూడ్చువారికిని సభలో మాట యుండవలయును. బరువు అందఱిదైనపుడు మాట కొందఱిదే యగుట కట్టుబాటు కాదు, పెత్తనము.