బాలింత ముందున్న చాట

నిజామాబాద్ జిల్లాలో కాన్పుల గతాన్ని దవాఖానల చరిత్రగా చెప్పడం అలవాటైపోయింది. మంత్రసాని పోయి డాక్టరమ్మ వచ్చింది, ఇంటి మూలగది పోయి వార్డు వచ్చింది. తల్లుల ప్రాణాలు నిలిచాయి గనుక ఆ చరిత్రకు విలువుంది. కానీ బాలింత మనసు ఏమైందని అడిగితే అందులో జవాబు దొరకదు. ఆ మనసును ఎంతో కొంత కాచింది తొలుసూరు కాన్పు తల్లిగారింట్లో జరిపే ఆనవాయితీ. దాన్ని లోపలినుంచి డొల్ల చేసింది మాత్రం దవాఖాన కాదు, ఇంట్లోకే నడిచొచ్చిన కూలి, అందులోనూ బీడీ పని.

ఆనవాయితీలో పైకి కనిపించేదంతా ఒంటికి సంబంధించిందే: నడికట్టు, చెవుల్లో దూది, వేన్నీళ్ల స్నానం, సాంబ్రాణి పొగ, పథ్యం కూడు, ఇరవై ఒకటో రోజు తొట్టెల. వీటి చాటున మరో ఏర్పాటు ఉండేది. కొన్ని నెలలు ఆమె అత్తగారింటి చాకిరికి దూరంగా ఉండేది. రాత్రి బిడ్డ ఏడిస్తే ఎత్తుకునే చేతులు మరో రెండు ఉండేవి. బాలింత ఊరికే కన్నీళ్లు పెట్టుకున్నా, తిండి మానేసినా ముందుగా పసిగట్టే మనిషి పక్కనే పడుకునేది. వాతమనో, గాలి సోకిందనో ఆ మనిషి చెప్పే కారణం తప్పయినా కావచ్చు, చూపు మాత్రం ఆమె మీదే ఉండేది.

ఈ ఏర్పాటును చెరకు అంతగా దెబ్బతీయలేదు. 1931 నాటికి నిజాంసాగర్ పూర్తయి కాలువ నీళ్లొచ్చాయి, 1937లో బోధన్ దగ్గర నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది, చుట్టూ చెరకు తోటలు పెరిగాయి. చెరకులో కలుపు తీసే పని ఎంత కష్టమైనా అది ఇంటి బయటి పని. పచ్చి బాలింత పొలానికి పోదు గనుక కాన్పుతో ఆ పని ఆగేది. బీడీ అలా కాదు. తునికాకు, తంబాకు, దారం, కత్తెర చాటలో పెట్టుకుంటే చాలు, తల్లిగారింటికి వెళ్లినా పని వెంటే వస్తుంది. పైగా అక్కడ తల్లీ బీడీలే చుడుతుంటుంది. కూలి వెయ్యి బీడీల లెక్కన. కూతురికి తల దువ్వినంతసేపూ ఆమెకు బీడీలు తగ్గుతాయి. ఆనవాయితీ పేరు చెడలేదు, దాన్ని నిలబెట్టిన తీరిక పోయింది.

చట్టం కూడా ఈ తేడాను గుర్తుపట్టింది, అయితే తల్లికి ఎదురు తిరిగి. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టంలోని 10వ సెక్షన్, గర్భం వల్లో కాన్పు వల్లో జబ్బు చేస్తే అదనంగా నెల వరకు వేతనంతో సెలవు ఇచ్చింది. మనోవ్యాధిని అందులో పేరు పెట్టి చెప్పకపోయినా, దాన్ని ఇముడ్చుకోగల తలుపు అదొక్కటే. 1966 బీడీ, సిగార్ కార్మికుల చట్టం ప్రసూతి ప్రయోజనాన్ని ఇంట్లో బీడీలు చుట్టేవాళ్లకూ వర్తింపజేస్తూనే, వాళ్ల విషయంలో సరిగ్గా ఆ 10వ సెక్షన్‌ను తీసేసింది. ఇంట్లో కూర్చున్న మనిషికి జబ్బు సెలవు ఎందుకన్న ఆలోచన తప్ప దీని వెనక నాకు మరో తర్కం కనబడదు.

పాత కాలం అంత చల్లనిదా అని ఎవరైనా అడుగుతారు, అడగాలి కూడా. ఆడపిల్ల పుడితే ముఖం మాడ్చుకున్న ఇళ్లూ, తల్లి లేని కోడళ్లూ, పుట్టింటికి పంపే స్తోమత లేని కూలి కుటుంబాలూ అప్పుడూ ఉన్నాయి. నేను ఆ మూలగదిని తిరిగి తెమ్మనడం లేదు. అందులో మంచి ఉన్నంతమేరకు అది తీరిక వల్ల, తోడు వల్ల వచ్చిందే అంటున్నాను. ఇంకొందరు, బాలింత కుంగుబాటు పట్నపు చదువరుల జబ్బు, కష్టజీవులకు రాదంటారు. 2002లో వెలువడిన గోవా అధ్యయనం దీనికి సమాధానం. అక్కడ ప్రసవమైన ఆరు నుంచి ఎనిమిది వారాలకు 23 శాతం తల్లుల్లో కుంగుబాటు కనిపించింది. పేదరికం, భర్త హింస దాన్ని పెంచాయి. ఆ తల్లుల్లో చాలామందికి గర్భంతో ఉన్నప్పుడే మనసు బాగోలేదు.

మళ్లీ మన జిల్లాకొస్తే, 2015 డిసెంబరులో బోధన్ ఫ్యాక్టరీ మూతపడింది. జీతం ఆగిన ఇంట్లో ఆడవాళ్ల సంపాదన మీద బరువు పెరగకుండా ఉండదు. గల్ఫ్‌కు పోయిన భర్త డబ్బు పంపగలడు గానీ రాత్రిపూట బిడ్డను ఎత్తుకోలేడు. ఇప్పుడు దవాఖానలో కాన్పయ్యాక ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. బిడ్డ బరువు చూస్తుంది, తల్లికి జ్వరం, రక్తస్రావం ఉన్నాయేమో అడుగుతుంది. నిద్ర పడుతోందా, బతకాలని ఉందా అన్న ప్రశ్నలూ అక్కడే అడగొచ్చు. 1987లో ఎడిన్‌బరోలో రూపొందిన పది ప్రశ్నల పట్టిక అలాంటి పనికే పుట్టింది. అయితే ప్రశ్నలతో పాటు ఆమెకు ఆ నెల కూలి కూడా దక్కాలి, 1966లో తీసేసిన ఆ నెలది. లేకపోతే జవాబు చెప్పేంతసేపు కూడా ఆమె చాట పక్కన పెట్టలేదు.