డోరతీ కల కనలేదు

హాలీవుడ్‌లో ఎం.జి.ఎం. సంస్థ 1939లో తీసిన ‘ది విజర్డ్ ఆఫ్ ఓజ్’ చూసినవాళ్లకు డోరతీ అనగానే కెంపుల్లా మెరిసే ఎర్రటి జోళ్లు గుర్తొస్తాయి. ఎల్. ఫ్రాంక్ బామ్ 1900లో రాసిన మూల నవలలో అవి వెండి జోళ్లు. టెక్నికలర్‌లో కొట్టొచ్చినట్టు కనబడాలని స్క్రిప్టు రాసే దశలోనే నోయెల్ లాంగ్లీ వాటి రంగు మార్చాడు.

ఆ మార్పుతో నాకు పేచీ లేదు. తెర అవసరాలు తెరవి. పైగా నవలలో ఉన్న రంగుల లెక్కను ఈ సినిమా పట్టుకున్నంత బాగా ఇంకెవరూ పట్టుకోలేదు. బామ్ 1888లో డకోటాలోని అబర్డీన్ చేరి దుకాణం పెట్టాడు. అది మూతపడ్డాక పత్రిక నడిపాడు. వానల్లేక ఆ ప్రాంతమే చితికిపోతే 1891లో షికాగో దారి పట్టాడు. ఆ మెట్టనేలల అనుభవం నవల మొదటి పేజీల్లో కనిపిస్తుంది. డోరతీ ఉండే కాన్సాస్‌లో నేల, గడ్డి, ఇల్లు, ఎమ్ అత్తయ్య ముఖం అన్నీ బూడిదరంగే. సినిమా ఆ భాగాన్ని గోధుమ ఛాయలో తీసి, సుడిగాలికి ఇంటితో సహా ఎగిరి ఓజ్ దేశంలో దిగిన డోరతీ తలుపు తీసిన క్షణాన రంగులు కుమ్మరించింది. పుస్తకానికి ఇంతకంటే గౌరవం ఉండదు.

ఓజ్‌లోని పచ్చల నగరం దగ్గర మాత్రం దారులు చీలాయి. నవలలో ఆ ఊళ్లోకి వెళ్లే ప్రతివాళ్లకూ, కుక్కపిల్ల టోటోతో సహా, ద్వారపాలకుడు ఆకుపచ్చ కళ్లజోడు పెట్టి తాళం వేస్తాడు. ఊరు దాటాక డోరతీ వేసుకున్న పచ్చ గౌను తెల్లగా కనబడుతుంది. ఆ ఊరినేలే మాంత్రికుడి మోసమంతా ఆ అద్దాల్లోనే ఉంది. సినిమాలో కళ్లజోళ్లు లేవు, నగరం నిజంగానే పచ్చగా ఉంటుంది. రంగుల వైభవం చూపడానికి కోట్లు పోసినవాళ్లు, ఆ రంగు బూటకమని ఎలా చెబుతారు?

డోరతీకి దారిలో తోడైన రేకు మనిషి పూర్వకథ కూడా సినిమాలో పోయింది. నవలలో అతను మామూలు కట్టెలు కొట్టేవాడు. మంత్రగత్తె శపించిన గొడ్డలి అతని కాళ్లూ చేతులూ ఒక్కొక్కటే నరుకుతుంటే, రేకుపనివాడు రేకుతో కొత్తవి అతికిస్తూ పోతాడు. పీడకలలు లేని పిల్లల కథ రాస్తున్నానని ముందుమాటలో చెప్పిన బామే ఇది రాశాడు! సినిమా దాన్ని వదిలేయడం సబబే.

క్షమించలేనిది ముగింపు. సినిమాలో డోరతీ మంచం మీద కళ్లు తెరుస్తుంది. ఓజ్‌లో ఆమెకు తోడున్న గడ్డిబొమ్మ, రేకు మనిషి, సింహం పొలంలో పనివాళ్లయిపోతారు. మంత్రగత్తె పొరుగున ఉండే మిస్ గల్చ్. తను నిజంగా వెళ్లానని పిల్ల మొత్తుకుంటుంటే మంచం చుట్టూ చేరినవాళ్లు కలేనని బుజ్జగిస్తారు. ఆ పనివాళ్లూ లేరు, మిస్ గల్చూ లేదు నవలలో. అక్కడ డోరతీ ఎడారి మీదుగా ఎగిరి వచ్చి గడ్డిలో దొర్లుతుంది, వెండి జోళ్లు దారిలో జారిపోతాయి. ఎదురుగా కొత్త ఇల్లు కనబడుతుంది. పాతదాన్ని సుడిగాలి ఎత్తుకుపోయింది కాబట్టి హెన్రీ మామయ్య మళ్లీ కట్టుకున్నాడు. ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఏం కావాలి? 1910లో వచ్చిన ఆరో పుస్తకంలో ఆ ఇంటి కోసం పొలం తాకట్టు పెట్టిన మామయ్య అప్పు తీర్చలేకపోతాడు. డోరతీ మామయ్యనూ అత్తయ్యనూ ఓజ్‌కే తీసుకెళ్లిపోతుంది. కరువు సీమలో దివాలా చూసిన రచయిత, ఆ బీద రైతు కుటుంబానికి చూపించిన ఆశ్రయం ఓజ్. దాన్ని కలగా మార్చితే మిగిలేది బూడిదరంగు పొలమే.

బామ్ 1919లోనే చనిపోయాడు. కాదనడానికి ఆయన లేడు. డోరతీగా నటించిన పదహారేళ్ల జూడీ గార్లండ్ పాట వింటే నాకూ ఆ సినిమా మీద ప్రేమ పొంగుతుంది. అయినా పిల్లలకు అది చూపించాక నవల చివరి అధ్యాయం కూడా చదివి వినిపించండి, ఒక్క పేజీ లోపే ఉంటుంది. ఎక్కణ్నుంచి వచ్చావని అత్తయ్య అడిగితే డోరతీ ఓజ్ నుంచని చెబుతుంది. అది కల అనేవాళ్లు అక్కడ ఒక్కరూ లేరు.